మీ ప్రశ్నకు జవాబు: నాలుగేళ్ల గొంతు, అయిదు వందల ఏళ్ల బృందం

గత సంచికలో ఒక ప్రశ్నకు జవాబిస్తూ, ఆస్ట్రియా రాజధాని వియన్నాకు చెందిన బాలగాయక బృందం అయిదు వందల ఏళ్ల నాటిదనీ, అది 1924లో పుట్టిందనీ ఒకే పేరాలో రాశాను. ఆ రెండు మాటలకూ పొంతన ఎక్కడని కొందరు నిలదీశారు. ఆ పిల్లల పాటల గురించీ, చదువు గురించీ, గొంతుల గురించీ ఇంకొందరు అడిగారు. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: 1498 అని ఒక వాక్యంలో, 1924 అని మరో వాక్యంలో రాశారు. ఏది సరైనది? లేక అచ్చుతప్పా? (ఒక పాఠకుడు, ఏలూరు)

జవాబు: అచ్చుతప్పు కాదు, రెండు తేదీలూ సరైనవే. అయితే ఒకటి కొలువు మొదలైన సంవత్సరం, రెండోది ఆ కొలువు పోయాక సొంత కాళ్ల మీద నిలబడిన సంవత్సరం. 1498లో మాక్సిమిలియన్ చక్రవర్తి తన ఆస్థాన సంగీతాన్ని వియన్నాలో నెలకొల్పుతూ, ఒక సంగీత గురువును, ఇద్దరు మంద్రస్థాయి గాయకులను, ఆరుగురు బాలురను నియమించమని ఆజ్ఞాపించాడు. ఆ మేళానికి పెద్దగా ఉన్న స్లాట్కోన్యా అనే మతాచార్యుడు తరవాత వియన్నాకే బిషప్ అయ్యాడు. బాలురే ఎందుకంటే, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న బైబిలులోని పౌలు మాటను ఆనాటి చర్చి అక్షరాలా పాటించేది. సంగీతంలో పై స్థాయి లేకుండా కుదరదు, ఆ స్థాయిలో పాడగల స్త్రీకి గుడిలో పాడే అనుమతి లేదు. కాబట్టి ఆ బరువు పిల్లల మీద పడింది. అప్పటి నుంచి నాలుగు వందల ఇరవై ఏళ్ల పాటు ఆ బాలురు రాజు గుడిలో, రాజు విందులలో, రాజు అతిథుల ముందు పాడారు తప్ప, టిక్కెట్టు కొన్నవాడి ముందు పాడలేదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసి 1918లో సామ్రాజ్యం కూలిపోవడంతో రాజూ పోయాడు, జీతమూ పోయింది. పిల్లల పోషణకు దిక్కు లేని ఆ రోజులలో, రాజుగారి గుడి బాధ్యతలు చూస్తున్న యోసెఫ్ ష్నిట్ అనే మతాచార్యుడు తన సొంత సొమ్ము కూడా పెట్టి 1924లో బృందాన్ని ప్రైవేటు సంస్థగా మళ్లీ నిలబెట్టాడు. అంతవరకు ఆ పిల్లలు రాజు సైనిక విద్యార్థుల దుస్తులు వేసుకుని నడుముకు చిన్న కత్తి కట్టుకునేవారు. ష్నిట్ ఆ వేషం మాన్పించి, అప్పట్లో మధ్యతరగతి ఇళ్లలో పిల్లలకు వేసే నావికుల చొక్కాను ఇచ్చాడు. ఈనాడు పోస్టర్ల మీద మనం చూసే వెడల్పాటి కాలరు దుస్తులు అవే. కత్తి పోయి కాలరు వచ్చిందన్న ఒక్క మాటలో ఆ బృందం చరిత్ర చాలావరకు ఇమిడిపోతుంది.

సొంత సొమ్ము ఎన్నాళ్లు వస్తుంది? 1926 నుంచి వాళ్లు గుడి బయట డబ్బుకు కచేరీలు చేయడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి బెర్లిన్, ప్రాగ్, జూరిచ్ నగరాలలో పాడారు. 1928లో ఏథెన్సు, రీగా, 1932లో అమెరికా, 1934లో ఆస్ట్రేలియా, 1936లో దక్షిణ అమెరికా దాకా వెళ్లారు. సంస్థానాలు పోయాక మన విద్వాంసులు సభలనూ రేడియోనూ నమ్ముకున్నట్లే, వీళ్లు ఓడలనూ రైళ్లనూ నమ్ముకున్నారు. పర్యటన వాళ్లకు సరదా కాదు, బతుకుతెరువు. కింది ప్రశ్నలలో చాలావాటికి జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ప్రశ్న: మేము చర్చి క్వాయరులో పాడతాము. ఈ బృందం కచేరీ రికార్డింగు చూశాను. మొదట మరియమాత కీర్తనలు ఎంతో భక్తిగా పాడారు. విరామం తరవాత అదే పిల్లలు విగ్గులు పెట్టుకుని, గౌన్లు వేసుకుని, నవ్వించే నాటకం ఆడారు. చివర పల్లెపాటలు పాడారు. భక్తిగీతం పాడిన నోటితో అదే పూట పరిహాసం ఆడడం అపచారం కాదా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: అమ్మా, మీకు కలిగిన ఇబ్బంది అర్థమైంది. కానీ మీరు చూసింది ఆరాధన కాదు, కచేరీ. ఆదివారం ఉదయం రాజుగారి పాత గుడిలో పూజకు పాడేటప్పుడు వాళ్లు పూజాగీతాలు తప్ప మరొకటి పాడరు. ఊరూరా తిరిగి ఇచ్చే కచేరీ వేరు, అక్కడ మూడు రకాల పాటా ఉంటుంది. ఆ మూడు భాగాల కూర్పు ఎలా వచ్చిందో తెలిస్తే మీ సందేహం కొంత తీరవచ్చు. 1926లో బయటి కచేరీలు మొదలైనప్పుడు, భక్తిగీతాలతో పాటు లౌకికమైన పాటలు, పిల్లల చేత చిన్న సంగీత నాటకాలు కూడా చేర్చారు. ఈ నాటకాలు పిల్లలే అడగడం వల్ల చేర్చారని బృందం చరిత్ర చెబుతుంది. పదేళ్ల పిల్లవాణ్ణి రెండు గంటలు కదలకుండా నిలబెట్టి లాటిను పాడించడం ఎంత కష్టమో మీ క్వాయరు పిల్లలను చూసినా తెలుస్తుంది.

ఆ రికార్డింగును మీరు మరొకసారి చూడండి, మొదటి భాగం మీద కాస్త ఎక్కువ దృష్టి పెట్టండి. పియానో దగ్గర కూర్చున్న గురువు ఒక స్వరం మీటి చేయి తీసేస్తాడు. తరవాత వాద్యం ఏదీ లేదు. పిల్లలు పియానోకు రెండు వైపులా అర్ధచంద్రాకారంగా నిలబడి, పదహారో శతాబ్దపు పాలెస్ట్రీనా, విక్టోరియా, గాల్లుస్ వంటి స్వరకర్తల రచనలను ఒకరి గొంతు మీద ఒకరు ఆనుకుని పాడతారు. ఒక వరస ఎత్తుకున్న పల్లవిని రెండు మాత్రల తరవాత రెండో వరస అందుకుంటుంది, మూడో వరస మరి కాస్త కిందనుంచి వస్తుంది. మన సంగీతంలో ఇటువంటి అల్లిక లేదు కాబట్టి మొదట వినేవారికి అన్నీ కలిసిపోయినట్లు అనిపించవచ్చు. ఏదో ఒక వరసను పట్టుకుని చివరి దాకా వెంట నడిస్తే మిగిలినవి వాటంతట అవే విడివడతాయి.

రెండో భాగంలో వచ్చే నాటకాలలో చాలాకాలంగా ఆడుతున్నది ఆస్ట్రియా స్వరకర్త మోజార్ట్ 1768లో, తన పన్నెండో ఏట రాసిన బాస్టియన్, బాస్టియెన్ అనే చిన్న ప్రహసనం. పాత్రలు మూడే. ప్రియుడి మనసు మారిందని ఏడ్చే ఒక గొర్రెలకాపరి పిల్ల, ఆ ప్రియుడు, వాళ్లిద్దరినీ కలిపే ఊరి మాంత్రికుడు. ఆ మాంత్రికుడు పుస్తకం తెరిచి ఎంతో గంభీరంగా మంత్రం ఎత్తుకుంటాడు. ఆ మంత్రం డిగ్గి, డగ్గి, షురీ, మురీ అంటూ సాగే అర్థం లేని గొణుగుడు. మన వీధి నాటకాలలో మాంత్రికుడి హ్రాం హ్రీం కన్నా ఎక్కువ అర్థమేమీ అందులో లేదు. కానీ దాని కింద వాద్యాలు నిజంగా ఉరుములు రాబోతున్నంత భయపెడతాయి, హాస్యమంతా అక్కడే ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడు రాసినదాన్ని పన్నెండేళ్ల పిల్లలు పాడుతుంటే, పెద్దలు ఆడినప్పుడు కనిపించని ఒక నిజాయితీ అందులో కనిపిస్తుంది. హైడన్ రాసిన మందుల దుకాణం నాటకం వంటివాటిని కూడా పిల్లల శ్రుతికీ, ఓపికకూ తగ్గట్టు కుదించి ఆడారు.

మూడో భాగం ఆస్ట్రియా పల్లెపాటలు, వెళ్లిన దేశపు పాట ఒకటీ అరా, చివర వియన్నా స్వరకర్త యోహాన్ స్ట్రౌస్ వాల్ట్‌జ్‌లు, అంటే మూడు లెక్కల నడకలో సాగే నృత్య సంగీతం. ఆ దేశపు కొండ పాటలలో గొంతు ఛాతీ నుంచి తలలోకి ఒక్క గెంతు గెంతి మళ్లీ కిందికి దిగే ఒక పద్ధతి ఉంది. దానిని యోడెల్ అంటారు. స్ట్రౌస్ నీలి డాన్యూబు వాల్ట్‌జ్‌కు మాటలు కట్టి పాడడం పర్యాటకుల కోసం చేసిన హంగు అనుకునేవాళ్లున్నారు. నిజానికి 1867 ఫిబ్రవరిలో అది మొదటిసారి వినిపించింది ఒక పురుషుల గాయక బృందం నోటనే. ఏమైనా, దాచుకోవడం దేనికి, ఈ భాగం నాకు అంత రుచించదు. చప్పట్ల కోసం కూర్చినట్లు ఉంటుంది. కానీ ఆ చప్పట్లే మొదటి భాగాన్ని పోషిస్తున్నాయి. హరిదాసు గారు భక్తి కథ నడుమ పిట్టకథ చెప్పి నవ్వించినప్పుడు మనం అపచారం అనుకోలేదు. ఆ నవ్వు లేకపోతే మూల కథ దగ్గర జనం కూర్చోరని ఆయనకు తెలుసు.

ప్రశ్న: ఆడవేషాలు వేయడానికి ఆ మగపిల్లలు సిగ్గుపడరా? మన కూచిపూడి వారిలా వారికీ అది సంప్రదాయమా? (ఒక పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: సంప్రదాయం కాదు, అవసరం. కూచిపూడిలో ప్రతి బాలుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న నియమం సిద్ధేంద్ర యోగి పేరు మీద వస్తున్నది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారికీ, నాటకరంగంలో స్థానం నరసింహారావు గారికీ స్త్రీవేషం జీవితకాలపు సాధన. వియన్నా పిల్లలకు అది ఏడాదికో రెండేళ్లకో వచ్చి పోయే వేషం. పైగా వారికి సిగ్గు లేకపోలేదు. ఇంగ్లండు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ వాళ్ల కోసం ఒక సంగీత నాటిక రాయడానికి ఒప్పుకున్నప్పుడు, ఈసారైనా ఆడవేషాలు లేకుండా చూడమని పిల్లలు ఆయనను బతిమాలారు. ఆయన మన్నించి, పాత్రలన్నీ నావికులూ సముద్రపు దొంగలూ అయిన ఒక ఓడ కథను తీసుకుని రాశాడు. అది 1967లో ఇంగ్లండులోని ఆల్డ్‌బరో ఉత్సవంలో ప్రదర్శితమైంది. శత్రువుల ఓడకు కన్నం పెట్టి ముంచిన పిల్ల నావికుణ్ణి, మాట ఇచ్చిన కెప్టెనే నీళ్లలో వదిలేసే ఆ కథలో నవ్వు తక్కువ, కానీ గౌను ఒక్కటీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. అయిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. ఇటీవల పై షడ్జం దగ్గర గొంతు జీరపోతున్నది. గురువుగారు కొన్నాళ్లు ఆపమంటున్నారు, మా ఇంట్లో పెద్దవాళ్లు సాధన మానితే పాట పోతుందంటున్నారు. ఆ వియన్నా పిల్లలను గొంతు మారగానే ఏం చేస్తారు? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: ముందు వియన్నా సంగతి చెబుతాను. అక్కడ తొమ్మిది, పదేళ్లకు బృందంలో చేరిన పిల్లవాడు పద్నాలుగేళ్ల లోపు, గొంతు మారగానే దిగిపోతాడు. అంటే ఎంత గొప్ప గాయకుడైనా అతని చేతిలో ఉన్నది సుమారు నాలుగేళ్లు. బృందం అయిదు వందల ఏళ్లుగా ఉంది కానీ, అందులోని గొంతులు ప్రతి నాలుగేళ్లకూ పూర్తిగా కొత్తవి. గురువులు ఎప్పుడూ మొదటి పాఠం దగ్గరే ఉంటారన్నమాట.

పూర్వం ఇంత తొందరగా గొంతు మారేది కాదు. వియన్నాలోనే, రాజు గుడిలో కాకుండా సెయింట్ స్టీఫెన్ ప్రధాన దేవాలయంలో పాడిన యోసెఫ్ హైడన్ పదిహేడేళ్ల వయసులో, 1749లో బయటికి వెళ్లాడు. అతను పాడడం లేదు, కాకిలా అరుస్తున్నాడని మరియా థెరిసా మహారాణి విసుక్కున్నదట. ఆ తరవాత పక్క పిల్లవాడి జడ కత్తిరించాడన్న వంకతో అతణ్ణి వెళ్లగొట్టారని చెబుతారు. రాజు గుడిలో 1808 నుంచి పాడి, తరవాత స్వరకర్తగా పేరు పొందిన ఫ్రాంజ్ షూబర్ట్‌కు పదిహేనేళ్లు నిండాక గొంతు మారింది. అతను పాడిన ఒక పూజాసంగీతపు ప్రతి మీద, షూబర్ట్ ఫ్రాంజ్ చివరిసారి కూసింది అని రాసి, 1812 జులై 26 అని తేదీ వేసి ఉంది. వాడిన మాట కోడికీ కాకికీ వాడేదే. కాకి గొంతు వచ్చిందని మన ఇళ్లలో మగపిల్లలను ఏడిపిస్తామే, సరిగ్గా అదే. వారికి పదిహేను, పదిహేడు ఏళ్లకు వచ్చిన మార్పు నేటి పిల్లలకు పన్నెండు, పదమూడేళ్లకే వస్తున్నది. తిండి, ఆరోగ్యం మెరుగుపడి పిల్లలు త్వరగా ఎదగడమే దీనికి ముఖ్య కారణమని చెబుతారు.

ఆ మార్పులో జరిగేది ఇది. స్వరపేటిక పెరుగుతుంది, లోపలి స్వరతంత్రులు పొడుగై మందమవుతాయి, గొంతు మొత్తం మీద సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. వీణ తీగ మార్చి మందపు తీగ వేసినట్లే. తీగ కొత్తది, వేళ్లకు అలవాటు పాతది. అందుకే మీ అబ్బాయికి నిన్న పలికిన స్వరం ఇవాళ జారిపోతున్నది. అతని తప్పేమీ లేదు, పాట ఎక్కడికీ పోదు.

మీ గురువుగారూ, మీ ఇంటి పెద్దలూ ఇద్దరూ సగం సగం సరైన మాటే చెబుతున్నారు. పాతశ్రుతిలో, అంటే బాలుర గొంతుకు సహజమైన అయిదు, ఆరు శ్రుతులలో బలవంతంగా పాడించడం మాత్రం ఆపండి. పై స్థాయిని అందుకోవాలని గొంతు బిగబట్టడం ఒకసారి అలవాటైతే, పెద్దయ్యాక కూడా వదలదు. కానీ సంగీతాన్ని ఆపవద్దు. శ్రుతి కొంచెం కొంచెంగా దించుతూ, ఎక్కడ హాయిగా పలుకుతుందో ఆ నాలుగైదు స్వరాల మధ్యే రోజుకు పావుగంట మెల్లగా పాడించండి. మిగిలిన సమయంలో తాళజ్ఞానం, స్వరాలు రాయడం, వినికిడి పెంచుకోవచ్చు. వీణో వయొలినో పట్టించడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. కొన్ని నెలలకు గొంతు ఒకటి, ఒకటిన్నర శ్రుతి దగ్గర కుదుటపడుతుంది. పాడకపోయినా, మాట్లాడేటప్పుడు కూడా జీర మూడు నాలుగు వారాలు వదలకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి.

గొంతు మారాక ఎలాంటి గాయకుడవుతాడన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ బృందంలో తారస్థాయిలో పాడిన గేయార్గ్ నీగుల్ ఇప్పుడు పేరున్న బారిటోన్, అంటే నడిమి పురుష కంఠం. అదే బృందంలోని మాక్స్ ఎమాన్యుయెల్ చెంచిచ్ పెద్దయ్యాక కూడా పై స్థాయిలోనే పాడే కౌంటర్ టెనర్‌గా నిలిచాడు. క్లెమెన్స్ క్రౌస్ అయితే పాట వదిలి వాద్యబృంద నిర్వాహకుడయ్యాడు. ఏటా ప్రపంచమంతా టీవీలో చూసే వియన్నా నూతన సంవత్సర కచేరీని ఆరంభించినది ఆయనే. మనకు ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో పూర్తి కచేరీ చేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారున్నారు. అయితే మన దగ్గర బాల మేధావి ఒంటరిగా పాడతాడు, గొంతు మారే కష్టాన్నీ ఒంటరిగానే దాటుతాడు. అక్కడ పక్కన నిలబడ్డ ఇరవై మందికీ అదే వయసు, అదే గతి. మీ అబ్బాయికి తన ఈడు సంగీత విద్యార్థి ఒకడు స్నేహితుడుగా దొరికితే ఆ బెంగ సగం తీరుతుంది.

ప్రశ్న: ఏడాదంతా ఊళ్లు తిరిగితే ఆ పిల్లల చదువు ఏమవుతుంది? ఎక్కడైనా చిక్కుకుపోతే? (ఒక ఉపాధ్యాయిని, అనంతపురం)

జవాబు: ఏడాదంతా తిరగరు. సుమారు వంద మంది పిల్లలను నాలుగు జట్లుగా విడదీసి, వాటికి బ్రూక్నర్, హైడన్, మోజార్ట్, షూబర్ట్ అని స్వరకర్తల పేర్లు పెట్టారు. ఒక్కొక్క జట్టు ఏటా తొమ్మిది నుంచి పదకొండు వారాలు పర్యటనలో ఉంటుంది, మిగిలినవి వియన్నాలో బడికి వెళ్తాయి. నాలుగు జట్లూ కలిసి ఏడాదికి మూడు వందల కచేరీల దాకా ఇస్తాయి. బడి, వసతి 1948 నుంచి అవుగార్టెన్ అనే పాత రాజోద్యానంలోని భవనంలో ఉన్నాయి. 

చిక్కుకుపోయిన సంగతి ఒకటి ఉంది, అయితే అది ఈ బృందానిది కాదు. దీనికి ఒకప్పుడు నిర్వాహకుడుగా ఉన్న గేయార్గ్ గ్రూబర్ విడిగా నడిపిన మోజార్ట్ బాలగాయకులు 1939లో ఆస్ట్రేలియాలో ఉండగా రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. పేరు దగ్గరగా ఉండడంతో రెండింటినీ చాలామంది కలిపేస్తారు. తిరిగి వెళ్లే దారి లేని ఆ పిల్లలను మెల్‌బోర్న్ ఆర్చిబిషప్ డేనియెల్ మానిక్స్ తన ప్రధాన దేవాలయంలో గాయకులుగా చేర్చుకుని, ఊరివాళ్ల ఇళ్లలో ఉంచారు. గురువును శత్రుదేశీయుడని నిర్బంధించారు. పాడడానికి పిల్లలుగా వెళ్లినవాళ్లు గొంతులు మారి, మీసాలు వచ్చి, పలువురు అక్కడే స్థిరపడిపోయారు.

ప్రశ్న: ఇప్పుడైనా ఆడపిల్లలను చేర్చుకోవచ్చు కదా? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: బాలుర బృందంలో చేర్చుకోలేదు, పక్కన 2004లో బాలికల బృందాన్ని మొదలుపెట్టారు. ఆ బాలికలు వియన్నా నూతన సంవత్సర కచేరీలో బాలురతో కలిసి మొదటిసారి పాడింది 2023లో. రెండింటికీ మధ్య పందొమ్మిదేళ్లు. పదేళ్ల వయసులో బాలుడి స్వరతంత్రులకూ బాలిక స్వరతంత్రులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి అడ్డు గొంతు కాదని మీరూ నేనూ అనుకోవచ్చు. బాలుర నాదానికి ఒక ప్రత్యేకమైన వన్నె ఉందని వాదించేవారు గట్టివాళ్లే. దానిలో ఎంత చెవికి వినిపించేదో, ఎంత అలవాటో తేల్చడం కష్టం.

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మాయి దగ్గరికి జర్మనీ వెళ్తున్నాము. వియన్నా కూడా చూస్తాము. ఈ పిల్లల పాట వినాలంటే ఎక్కడికి వెళ్లాలి? (ఒక దంపతులు, నెల్లూరు)

జవాబు: రెండు చోట్లు ఉన్నాయి. అవుగార్టెన్ అంచున 2012లో తెరిచిన మూట్ అనే నాలుగు వందల సీట్ల హాలు వాళ్ల సొంతం. హాస్యనాటికలు, పల్లెపాటలు కావాలంటే అక్కడికి వెళ్లండి. పూజాసంగీతం కావాలంటే హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదంలోని పాత గుడికి ఆదివారం ఉదయం తొమ్మిదింపావు పూజకు వెళ్లండి. కూర్చునే చోటుకు ముందుగా టిక్కెట్టు తీసుకోవాలి. వేసవి సెలవులలో వాళ్లు పాడరు కాబట్టి తేదీ చూసుకుని బయల్దేరండి. 

అక్కడ మరొక సంగతి గుర్తుంచుకోండి. పిల్లలు వెనక పై అరుగు మీద నిలబడి పాడతారు. పూజ జరుగుతున్నంతసేపూ కింద కూర్చున్నవారికి పాట వినిపిస్తుంది కానీ పాడేవాళ్లు కనిపించరు. ఫోటోల కోసం వచ్చినవాళ్లు మెడలు వెనక్కి తిప్పి తిప్పి అలసిపోతుంటారు. మీరు తిప్పకండి. పూజ అయిపోయాక, అందరూ లేచే ముందు, ఆ పిల్లలు మెట్లు దిగి బలిపీఠం ముందుకు వచ్చి ఒక పాట పాడి వెళ్తారు. కాస్త ఓపిక పట్టి అంతవరకు కూర్చోండి.